ఆరువందల నలభై మాటలు

శనివారం పొద్దున్న అత్తగారు కంప్యూటర్ మీద తువ్వాలు కప్పేసింది. నాలుగు రోజులుగా ఆ తెర ఎర్రగా వెలిగి ఆరుతోందని, చూసినప్పుడల్లా తన గుండె గుభేలుమంటోందని చెప్పి, ఉతికి మడతపెట్టిన తువ్వాలొకటి తెచ్చి నాలుగంచులూ సర్ది మరీ కప్పింది. ఆ తువ్వాలు పల్చటిది. దాని వెనకనుంచి ఎరుపు వెలుగుతూనే ఉంది. అత్తగారు దాన్నోసారి కొరకొరా చూసి, ఇంకో తువ్వాలు కోసం వెళ్లింది.

కొడుకు పళ్లు తోముకుంటూ వచ్చి, కప్పేస్తే రోగం పోతుందా అని అడిగాడు. అతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తాడు. లోకంలో ఏది ఆగిపోయినా స్విచ్చి ఆపి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ వెయ్యడమే అతనికి తెలిసిన వైద్యం. బుధవారం నుంచి ఈ కంప్యూటర్‌కి ఆ వైద్యం ఓ ముప్పైసార్లు చేశాడు. ప్రతిసారీ అది ఎర్రగానే కళ్లు తెరిచింది.

పెద్దాయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పలక, వేళ్ల మధ్య సుద్దముక్క, మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. ఎనిమిది నెలల కిందట డాక్టర్లు ఆయన ప్రాణం నిలిపి గొంతు తీసేశారు. బస్ స్టేషన్లో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఎంత ఆలస్యమో, ముప్పై ఒక్క ఏళ్లు ఊరందరికీ చెప్పిన గొంతు అది.

ఆ గొంతు ఇప్పుడు తువ్వాలు కింద ఉంది.

మాటవరసకి అనడం కాదు, నిజంగానే ఉంది. ఆపరేషన్‌కి ముందు తొమ్మిది రోజులు కోడలు మామగారిని ఈ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. ముందుముందు ఆయనకి ఏమేం మాటలు అవసరపడతాయో ఇద్దరూ తలలు బద్దలు కొట్టుకుని, ఒక్కొక్కటే ఆయన చేత పలికించి దాచారు. మొత్తం ఆరువందల నలభై మాటలు తేలాయి. తెర మీద వరసగా గళ్లుంటాయి, ఏ గడి నొక్కితే ఆ మాట వస్తుంది. 'కిటికీ తలుపు కాస్త వెయ్యి' అన్నా, 'ఈ చొక్కా నాకు బిగుతు' అన్నా, అచ్చంగా ఆయన గొంతే.

మంగళవారం మధ్యాహ్నం నుంచి ఆ గళ్లు తెరుచుకోవడం లేదు. వాటికి బదులు ఈ ఎర్ర హెచ్చరిక వచ్చి తిష్ఠ వేసింది. మీ కంప్యూటర్లో ప్రమాదకరమైన ఫైళ్లు ఉన్నాయి, వెంటనే తొలగించండి అంటుంది. కింద ఇంత పెద్ద బొత్తాం, దాని పక్కన ఓ ఫోన్ నంబరు. గురువారం కొడుకు విసుగెత్తి ఆ బొత్తాం నొక్కబోతే, ఏం పోతుందో తెలియకుండా నొక్కొద్దని కోడలు అతని మణికట్టు పట్టుకుని ఆపింది. అప్పటినుంచి మొగుడూ పెళ్లాల మధ్య మాటలు ముక్తసరిగా నడుస్తున్నాయి.

టీ తాగుతుండగా మళ్లీ మొదలైంది, ఎవరు చేశారు అన్న గొడవ.

అత్తగారి అనుమానమంతా కొడుకు మీదే. డబ్బులివ్వకుండా సినిమాలు దింపుకునే అలవాటు వాడికి పెళ్లికి ముందునుంచీ ఉందని, ఎక్కడెక్కడి చెత్తా అలాగే ఇంట్లోకి వచ్చిందని ఆవిడ తీర్మానించింది. కొడుకు ఒట్టు పెట్టుకున్నాడు. తను సినిమాలు చూసేది ఫోన్లోనని, ఈ కంప్యూటర్ మీద రోజంతా కూర్చునేది ఎవరో అందరికీ తెలుసని, పేరెత్తకుండా పెళ్లాం వైపు చూశాడు.

కోడలు ఇంట్లోనే కూర్చుని పుస్తకాలకి పేజీలు కట్టే పని చేస్తుంది. రచయితలు పంపిన కాయితాలు టైపుచేసి, తప్పులు దిద్ది, అచ్చుకి పంపుతుంది. పోయిన నెల ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ తనే దింపానని ఒప్పుకుంది. కానీ అది తయారుచేసినవాళ్ల సొంత పేజీలోంచే తీసుకున్నానని, ఎక్కడపడితే అక్కడ దొరికింది కాదని నెమ్మదిగా చెప్పింది. ఆ నెమ్మదితనమే మొగుడికి మండుకొచ్చింది.

"ఏం దింపావో నీకే తెలియాలి. మధ్యలో నాన్న నోరు మూతబడింది," అన్నాడు.

ఆ మాట అన్నాక అతనికే బాధేసింది. పెద్దాయన పలక మీదికి వంగి 'మం' అని రాశాడు. రెండో అక్షరం పడేలోపే కొడుకు లేచి, మందులేసుకోలేదా నాన్నా, ఉండండి తెస్తాను అంటూ అలమర దగ్గరికి పరుగెత్తాడు. మాత్ర, గ్లాసుతో నీళ్లు తెచ్చి చేతిలో పెట్టాడు. పెద్దాయన కొడుకు ముఖం కేసి కాసేపు చూసి, ఆ మాత్ర వేసుకుని, పలక తుడిచేశాడు.

ఈ ఇంట్లో అదే అలవాటైపోయింది. ఆయన సుద్దముక్క ఎత్తితే చాలు, అత్తగారు 'టీయేగా' అని లేస్తుంది, కొడుకు 'ఫ్యాను తగ్గించమంటారా' అంటాడు. ప్రేమకేం లోటు లేదు. ఎవరికీ అక్షరాలు పూర్తయ్యేదాకా ఓపిక లేదంతే. గళ్లు పనిచేసే రోజుల్లో కూడా, ఆయన కావలసిన గడి వెతుక్కునేలోపు నాలుగు ఊహలు చేసి, అందులో ఒకటి ఆయన నెత్తిన పెట్టేవాళ్లు.

మధ్యాహ్నం రెండింటికి రిపేరావిడ వచ్చింది. ఆవిడకి ఒకప్పుడు వీధి మలుపులో కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుండేది. కుట్టుమిషన్లు తగ్గి కంప్యూటర్లు పెరిగేసరికి, యాభై ఏళ్ల వయసులో ఇదీ నేర్చుకుంది. కొట్టు మాత్రం ఇప్పటికీ అదే. వీధిలో అందరూ ఆవిణ్ణి స్క్రూడ్రైవర్ అక్కయ్య అంటారు. ఎదురుగా కూడా అంటారు, ఆవిడ పలుకుతుంది.

అక్కయ్య తువ్వాళ్లు రెండూ తీసి మడతపెట్టి అత్తగారి చేతికిచ్చింది. ఆ ఎర్ర తెర వంక కన్నెత్తి కూడా చూడకుండా, వంగి, గోడనుంచి వచ్చే ఇంటర్నెట్ వైరు పీకి పక్కన పెట్టింది. ముందు వీధి తలుపు వెయ్యాలి, తర్వాత ఇంట్లో ఎవరున్నారో వెతుక్కోవచ్చు అంది. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది.

డాక్టరు అడిగినట్టే అడిగింది. ఎప్పటినుంచి, ఏం చేస్తుండగా, ఈ హెచ్చరికలో ఉన్న నంబరుకి ఎవరైనా ఫోన్ చేశారా? లేదని అందరూ తల అడ్డంగా ఊపారు. బతికించారు అంది అక్కయ్య. ఇలాంటివి మొదట ఇంటర్నెట్లో ఏదో పేజీ మీద కనిపిస్తాయని, ఆ పేజీకి మీ కంప్యూటర్ కడుపులో ఏముందో తెలియదని, తెలిసినట్టు బెదిరించి, పక్కనే ఫోన్ నంబరు కూడా ఇచ్చిందంటే అది దొంగదేనని కళ్లు మూసుకుని చెప్పొచ్చంది.

"మంచి సాఫ్ట్‌వేర్ భయపెట్టదమ్మా. తొందరపెట్టదు కూడా. తొందరపెట్టిందంటే పక్కకి జరగాలి," అంది కోడలితో.

చేతులు ఆడుతూనే ఉన్నాయి, నోరూ ఆడుతూనే ఉంది. తెర మీద జాబితాలు వచ్చి పోతున్నాయి. ఒకచోట ఆగి, ఓరి మీ దుంపతెగా అని నవ్వింది. ఈ కంప్యూటర్లో మొదటినుంచీ ఒక కాపలా సాఫ్ట్‌వేర్ ఉంది, అది చాలు, దాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా ఉంచుకుంటే పని జరిగిపోతుంది. దాని పక్కన ఇప్పుడు ఇంకో మూడు తయారయ్యాయి. ఒక గుమ్మానికి నలుగురు కాపలావాళ్లు, దొంగని వదిలేసి ఒకళ్ల చొక్కా ఒకళ్లు పట్టుకున్నారు. మీ కంప్యూటర్ నడవలేక నడుస్తోందంటే ఇదే కారణం అంది.

"మరి నాన్న మాటలు?" అన్నాడు కొడుకు. అంతసేపూ అతను అక్కయ్య కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

అక్కయ్య ఆ ఎర్ర హెచ్చరిక వెనక ఉన్న జాబితా తెరిచింది. ప్రమాదకరమైన ఫైళ్లని పట్టి బంధించి ఉంచిన జాబితా అది. కింద లెక్క ఉంది. ఆరువందల నలభై ఒకటి అని చదివింది.

కోడలు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. ఆ లెక్క తనకి కంఠతా వచ్చు. ఆరువందల నలభై మాటలు, వాటిని గళ్లలో చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి. ఆ ప్రోగ్రాం తనకి తెలిసిన కాలేజీ పిల్ల ఒకతె ఇంట్లో కూర్చుని రాసిచ్చింది. దానికి కంపెనీ పేరు లేదు, ముద్ర లేదు. కొత్తగా వచ్చిన కాపలావాళ్లకి ఊరూ పేరూ లేనిదిగా కనిపించి, దాన్నీ, దానితో ఉన్న మాటలన్నింటినీ కలిపి దొంగల కింద కట్టేశారు.

"అయితే మొన్న నేను ఆ బొత్తాం నొక్కి ఉంటే..." అన్నాడు కొడుకు.

"మీ నాన్నగారి గొంతు పూర్తిగా పోయేది," అంది అక్కయ్య. "ఎవరో ఆపారు, మంచిపని చేశారు."

కొడుకు పెళ్లాం వైపు చూశాడు. ఆమె తెర వైపే చూస్తోంది.

నకలు లేదా అని అక్కయ్య అడిగింది. ఉందని కోడలు చెప్పింది. ఆపరేషన్ రోజే పెన్‌డ్రైవ్‌లో దాచింది. అదెక్కడుందంటే అత్తగారు చూపించింది. ఇంట్లో చిన్న వస్తువులేవీ ఉన్నచోట ఉండవని, పెన్‌డ్రైవ్ పోకుండా కుట్టుదారం నాలుగు పేటలు వేసి, కంప్యూటర్‌కే గుచ్చి, బల్ల కాలికి ముడేసి కట్టింది ఆవిడ. ఎనిమిది నెలలనుంచి అది అక్కడే ఉంది. కాపలావాళ్లు అందులో ఉన్నవాటిని కూడా వదల్లేదు, వాటికి వేరే జాబితా కట్టారు. అక్కయ్య ఆ ముడి చూసి, ఇంత గట్టి ముడి తన మిషన్ల కొట్లో కూడా చూళ్లేదంది. నకలన్నది కంప్యూటర్‌కి దూరంగా అలమరలో ఒకటి, వేరే ఇంట్లో ఇంకొకటి ఉండాలి పెద్దమ్మగారూ అని మెల్లిగా చెప్పింది. అత్తగారు చిన్నబోయింది.

బంధించినవాటిని విడిపించే ముందు ఒక్క సంగతి తేలాలంది అక్కయ్య. ఈ మూడూ ఎప్పుడు వచ్చాయో తేదీ, టైము ఇక్కడే రాసి ఉంటాయని చదివింది. మంగళవారం పొద్దున్న పదీ పద్నాలుగుకి మొదటిది వచ్చింది. అరగంటకి రెండోది. పదకొండున్నరకి మూడోదానితోపాటు, బయట ఎక్కడో కూర్చున్నవాళ్లు ఈ కంప్యూటర్‌ని నడిపించేందుకు వీలిచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చింది. ఇవి వాటంతటవి రావు, ఎవరో ఒకరు సరే అని నొక్కి ఉండాలి, ఆ టైములో ఇక్కడ ఎవరున్నారని అడిగింది.

ఆ మంగళవారం కొడుకు ఏడింటికల్లా పనికి వెళ్లిపోయాడు. తొమ్మిదింటికి కోడలు అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కొత్త కొలతలు తీయించి, అద్దాలు మార్చడానికి పాత ఫ్రేమునే దుకాణంలో ఇచ్చి, ఇద్దరూ ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. ఇంట్లో ఉన్నది ఒక్కరే.

కోడలు కిటికీ వైపు తల తిప్పలేదు. తిప్పితే అందరూ అటే చూస్తారని ఆమెకి తెలుసు. ఎనిమిది నెలలుగా పలక మీద రెండక్షరాలకి మించి చోటు దొరకని మనిషిని, ఇప్పుడు ఈ ముగ్గురి ముందు ముద్దాయిని చేసి నిలబెట్టడానికి ఆమెకి మనసొప్పలేదు.

"నేనేనండీ," అంది. "ఏదో వస్తే సరే అన్నాను."

అత్తగారు చేతిలో తువ్వాళ్లతో అలాగే ఉండిపోయింది. ఆ పొద్దున్న కోడలు తన పక్కన, కంటి డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని ఉందని ఈ లోకంలో ఆవిడకి తెలిసినంత గట్టిగా ఎవరికీ తెలియదు. నోరు తెరిచింది. ఒకసారి కోడల్ని, ఒకసారి కిటికీ వైపు చూసింది. మళ్లీ నోరు మూసుకుంది. తెలిసిన విషయం చెప్పకుండా ఆవిడ ఊరుకోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి అయ్యుంటుంది.

కొడుక్కి ఇదేమీ తెలియదు కదా. మూడు రోజులుగా దిగమింగిన కోపమంతా ఒక్కసారి పైకొచ్చింది. అరవలేదు, అరిచే రకం కాదు. తన మీద నిందలు పడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుందని, అమ్మ చేత పొద్దున్న నానా మాటలూ అనిపించిందని, గురువారం తన చెయ్యి పట్టుకుని మహా తెలిసినదానిలా పాఠం చెప్పిందని, ఒకటి తర్వాత ఒకటి లెక్కపెట్టినట్టు అన్నాడు. అక్కయ్య మధ్యలోకి రాకుండా తన పని చేసుకుంటూ పోయింది. ఊరివాళ్ల ఇళ్లలో పనిచేసే మనిషికి ఎప్పుడు చెవిటిదైపోవాలో తెలుస్తుంది.

మూడు కాపలాల్నీ, ఆ బయటివాళ్ల సాఫ్ట్‌వేర్‌నీ ఒక్కొక్కటిగా పీకేసి, బంధించినవాటిని విడిపించి, అక్కడికక్కడే తన సంచీలోని కొత్త పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసి, దాన్ని ఊడబీకి బల్ల మీద దూరంగా పెట్టింది. అప్పుడు ఒకసారి చూడమ్మా అని కోడలికి చోటిచ్చింది.

ఎర్ర తెర పోయి, నీలం గళ్లు వరసగా తెరుచుకున్నాయి. కోడలు చేతికందిన గడి నొక్కింది.

"టీ చల్లారింది."

నిండుగా, తొణక్కుండా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా వినిపించింది ఆ గొంతు. అత్తగారు చటుక్కున లేచి వంటింటి వైపు రెండడుగులు వేసి, ఆగిపోయింది. తిరిగి వచ్చి కూర్చుని కళ్లు తుడుచుకుంది. కొడుకు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అక్కయ్య కూడా చేతిలో పని ఆపింది. ఒకప్పుడు బస్సు కోసం నిలబడి ఆ గొంతు వినని మనిషి ఆ ఊళ్లో లేడు.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, మౌసు చేతిలోకి తీసుకుని, గళ్లు వెతకడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ చూశాడు. రెండో పేజీ. అలా చివరి పేజీదాకా వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చాడు. ఆయన ఏం వెతుకుతున్నాడో కోడలికి మూడో పేజీ దగ్గరే అర్థమైంది. అది ఆ గళ్లలో లేదు. తొమ్మిది రోజులు ఇద్దరూ కూర్చుని చొక్కా బిగుతు గురించి కూడా ఆలోచించారు గానీ, తప్పు నాది అని చెప్పాల్సి వస్తుందని ఆయనకీ తట్టలేదు, తనకీ తట్టలేదు.

ఆయన మౌసు వదిలి పలక అందుకున్నాడు. ఈసారి కొడుకు ఏ ఊహా చెయ్యలేదు. పలక నిండాక తనే తీసుకుని పైకి చదివాడు. 'మంగళవారం నేనే. అమ్మాయి అబద్ధం చెప్పింది. దయచేసి గమనించండి అని తెర మీద వచ్చింది. అలా మొదలయ్యే ప్రకటనలో అబద్ధం ఉంటుందని నాకు తెలియదు.'

ముప్పై ఒక్క ఏళ్లు ఆ మొదటి రెండు మాటలతోనే, దయచేసి గమనించండి అంటూనే, నోరు తెరిచిన మనిషి ఆయన. పది నిమిషాలు ఆలస్యమైతే పది అనే చెప్పాడు, పైవాళ్లు అయిదని చెప్పమన్నప్పుడు కూడా. ఆ మాటలు చూస్తే ఆయన కాక ఇంకెవరు నమ్ముతారు?

కొడుకు పెళ్లాం దగ్గరికి వచ్చి ఏదో అనబోయాడు. కోడలు తర్వాత చూద్దామన్నట్టు తల ఊపింది.

అక్కయ్యకి ఇంకా ఒక సంగతి కావాలి. బయటివాళ్లు లోపలికి వచ్చారంటే ఏమైనా అడిగి ఉంటారు, పాస్‌వర్డులు గానీ, బ్యాంకు నంబర్లు గానీ చెప్పారా నాన్నగారూ అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మరి అంతసేపు ఏం జరిగిందంది. ఆయన పలక తుడిచి రాశాడు. సాయం కావాలంటే నొక్కమని ఒక బొత్తాం ఉందట. నొక్కితే కంప్యూటర్లోంచి ఒకతను మాట్లాడాడట. గళ్లు నొక్కి తనూ మాట్లాడాడట. ఎంతసేపు అంటే గంటన్నర.

"గంటన్నర ఏం మాట్లాడారు నాన్నా?" అన్నాడు కొడుకు.

ఆ అడగడంలో కోపం లేదు, ఆశ్చర్యమే. పెద్దాయన ఈసారి చాలాసేపు రాశాడు. పలక ఒక వైపు నింపి, తిప్పి రెండో వైపు కూడా నింపాడు. సుద్దముక్క విరిగితే కోడలు ఇంకొకటి తెచ్చిచ్చింది. ఎవ్వరూ మధ్యలో మాట అందివ్వలేదు. రాయడం అయ్యాక ఆయన పలకని కొడుక్కి కాకుండా కోడలి చేతికిచ్చాడు.

కోడలు మనసులో చదువుకుంది. రెండు వైపులా చదివి, ఏం చెయ్యాలో తెలియక అలా పట్టుకుని నిలబడింది.

అద్దాల్లేక అత్తగారికి ఆ అక్షరాలు ఆనవు. ఏం రాశారని అడిగింది. కోడలు తటపటాయించడం చూసి, గొంతు తగ్గించింది.

"మొత్తం చదువమ్మా. నా కోసమని ఒక్క ముక్క కూడా వదలకు."

కోడలు చదివింది.

"కంప్యూటర్ సంగతి పది నిమిషాలే. తర్వాత నేనేం పని చేసేవాణ్ణని అడిగాడు. చెప్పాను. ఇంకా చెప్పమన్నాడు. నేను గడి వెతుక్కునేదాకా ఆగాడు. ఎంతసేపైనా ఆగాడు. నా మాట తను పూర్తిచెయ్యలేదు."

పలక తిప్పి, రెండో వైపు చదివింది.

"ఇవాళ నాలుగింటికి మళ్లీ వస్తానన్నాడు. వైరు పెట్టండి."

గోడగడియారంలో మూడూ ముప్పై అయిదు అయింది. కొడుకు మంచం అంచు మీద కూలబడ్డాడు. పొద్దున్న తనిచ్చిన మాత్ర గుర్తొచ్చిందేమో, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

పెద్దాయన వైరు ఇమ్మని చెయ్యి చాచాడు. అక్కయ్య దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇంతవరకూ ఎంతో ధీమాగా మాట్లాడిన మనిషి ఇప్పుడు మాటలు వెతుక్కుంది.

"ఆగడమే వాళ్ల పని నాన్నగారూ. జీతం తీసుకుని ఆగుతారు. ఇవాళ వచ్చి శుభ్రం చేస్తాననే చెబుతాడు. శుభ్రం చెయ్యడమంటే ఆ బొత్తాం నొక్కడమే."

పెద్దాయన తల ఊపాడు. ఆ సంగతి తనకిప్పుడు తెలిసిందన్నట్టే ఊపాడు. అయినా చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అత్తగారు లేచింది. ఆ వైరు ఇలా ఇవ్వమ్మా అని అక్కయ్య చేతిలోంచి తీసుకుంది. ముక్కాలిపీట లాక్కుని, మొగుడి కుర్చీకి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. వైరు ఒళ్లో పెట్టుకుంది.

"ఇన్నేళ్లూ నేను వాగుతుంటే మీరు విన్నారు. ఇప్పుడు మీరు చెప్పండి. నేను ఆగుతాను. టీ అని లేవను," అంది.

ఆయన ఆవిడ వైపు చూశాడు. తర్వాత మౌసు పట్టుకుని తెర వైపు తిరిగాడు. గళ్లు ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్లాడు. అత్తగారు పెదవులు బిగబట్టి కూర్చుంది. ఒకటి రెండుసార్లు ఆవిడ నోటిదాకా ఏదో వచ్చింది, మింగేసింది. కోడలు, కొడుకు, అక్కయ్య ఎక్కడివాళ్లక్కడ ఉండిపోయారు. అయిదు నిమిషాలు పట్టింది.

చివరికి ఆయన వేలు ఒక గడి మీద ఆగింది. నొక్కాడు.

"తర్వాత మాట్లాడుకుందాం," అంది ఆ నిండు గొంతు.

ఆయన మౌసు వదిలేసి, గడియారం వైపు ఒకసారి చూసి, వైరు కోసం మళ్లీ చెయ్యి చాచాడు. అత్తగారు వైరు మీద వేసిన చెయ్యి తియ్యలేదు.